వలతాడుతో కట్టిన రంపం

మా ఆయన తాగి రంపం మీద చేయి వేశాడని బందరంతా చాటింది మా ఆడపడుచు మొగుడే. ఆయన్ని నేను అన్నయ్యగారూ అని పిలవాలి. పిలిచేదాన్ని. పిలిచిన ప్రతిసారీ లోపల పళ్లు కొరుక్కునేదాన్ని.

గిలకలదిండి వెళ్లే రోడ్డు మీద మాదో వడ్రంగి షెడ్డు. బోట్లకు పలకలు, దివిసీమ ఇళ్లకు తలుపులు కోస్తాం. అందులో అన్నయ్యగారికి సగం వాటా. షెడ్డులోకి రాకముందు ఆయన హార్బరులో వలలు బాగుచేసేవాడు. ఆ అలవాటు పోలేదు. జేబులో ఎప్పుడూ పాత వలతాడు ముక్క ఉంటుంది. సైకిలు బుట్ట ఊడినా, బియ్యం బస్తా చిరిగినా ఆ తాడే, ఆ వల ముడే. ఆయన్నే అనడం దేనికి, మా వీధంతా అంతే. మా ఇంటి గేటుకు కట్టిందీ వలతాడే. కానీ రంపానికి మాత్రం కట్టకూడదు.

బ్యాండ్‌సా రంపమంటే రెండు చక్రాల మీద తిరిగే పొడవాటి ఉక్కు పట్టీ. ఒక అంచంతా పళ్లే. మిషను మీంచి తీశాక మెలిపెట్టి చుట్టగా మడుస్తాం. మడిచామన్న మాటేగానీ అది ఊరుకోదు, ఎప్పుడు విచ్చుకుందామా అనే చూస్తుంటుంది. అందుకే పాత నీళ్ల పైపు చీల్చి పళ్లకు తొడగాలి, మూడు చోట్ల ఇనప తీగతో కట్టాలి, మనుషులు మసలని మూలన కొయ్య మేకుకు తగిలించాలి. ముట్టుకుంటే తోలు గ్లౌజులు, కళ్లద్దాలు ఉండాల్సిందే. ఇవన్నీ మా ఆయన పెట్టిన పద్ధతులు. అన్నయ్యగారికి అదంతా చాదస్తం.

ఒకరోజు మా ఆయన కర్ర బేరానికి గుడివాడ వెళ్లాడు. అన్నయ్యగారు మొద్దుబారిన రంపం దింపి, మడిచి, జేబులోంచి తాడు తీసి ఒక్క ముడి వేసి, పనిబల్ల పైన గోడ మేకుకు తగిలించి ఇంటికి పోయాడు. మిషను తిరిగినంతసేపూ మా గోడ అదురుతుంది. అదిరినప్పుడల్లా రంపం పళ్లు తాడును కోస్తూనే ఉంటాయి. మర్నాడు మధ్యాహ్నం మా ఆయన బల్ల మీద పెన్సిలు కోసం చేయి చాచాడు. తాడు తెగింది. రంపం ఒక్కసారిగా విచ్చుకుని ఆయన కుడి మణికట్టు మీద పడింది. కుట్లు వేశారు, గాయం మానింది, బొటనవేలు మాత్రం ఇప్పటికీ ముడుచుకోదు. ఇక ఉలి పట్టలేడు.

అంతటితో పోతే ఖర్మ అనుకుని ఊరుకునేదాన్నేమో. ఆసుపత్రి గేటు దగ్గరే అన్నయ్యగారు మొదలెట్టాడు. "ఏం చెప్పమంటారండీ, మా బావమరిదికి పొద్దున్నే చుక్క పడాలి. ఆ మత్తులో చూసుకోలేదు."

హవ్వ! మందు వాసనే ఎరగని మనిషిని పట్టుకుని! మా చర్చి మందిరంలో ప్రభువు బల్ల రోజున అందరికీ రొట్టె పంచే పళ్లెం పట్టుకునేది మా ఆయనే. ఈ మాట చెవిన పడ్డాక పాస్టరుగారు "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోండి బ్రదర్" అని పళ్లెం ఇంకొకరికి ఇచ్చేశారు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. వెనక బెంచీలో కూర్చుని కుడిచేయి తువ్వాలు కింద దాచుకునేవాడు.

"పోనీలేవే, దేవుడున్నాడు" అనేవాడు. దేవుడి దాకా ఆగే ఓపిక నాకు లేదు. కింద పడ్డ తాడు నేను చూశాను, ఆ ముడి ఎవరిదో నాకు తెలుసు. అడిగితే అన్నయ్యగారు నిమ్మకు నీరెత్తినట్టు, "నేను తీగతోనే కట్టానమ్మా, వాడే విప్పుంటాడు" అన్నాడు. నిజం నీ నోటితోనే కక్కిస్తానని ఆ రోజే అనుకున్నాను. మా ఆయన పక్కన నిలబడి చెబుతుంటే మిషను నేర్చుకున్నాను. కోత నేను కోస్తూ, సమయం కోసం చూశాను.

ఏటా జనవరి ఒకటిన పాస్టరుగారు మా షెడ్డుకు వచ్చి మిషనుకు ప్రార్థన చేస్తారు. బోటు ఓనర్లు, మందిరం పెద్దలు వస్తారు, కేకూ టీ ఇస్తాం. ప్రార్థనకు ముందు పాత రంపం తీసి కొత్తది ఎక్కించడం ఆనవాయితీ. ఆ పాతదాన్ని మడిచే పని అన్నయ్యగారు ఎవరికీ ఇవ్వడు. అందరూ చూస్తుండగా అంత పొడుగు రంపాన్ని ఒక్క మెలితో చుట్ట చేయడం ఆయనకు మహా గొప్ప.

ఆ పొద్దున నేను షెడ్డులోని ఇనప తీగ, పైపు ముక్కలు అన్నీ తీసి షెడ్డు వెనకే ఉన్న మా ఇంట్లో బీరువాలో పెట్టి తాళం వేశాను. పనిబల్ల పక్కకు లాగి, గోడ మేకు కింద ఒక కుర్చీ వేశాను.

అన్నయ్యగారు రంపాన్ని కాలితో తొక్కి, మెలిపెట్టి, చుట్ట చేశాడు. అందరూ అబ్బో అన్నారు. తీగ కోసం అటూ ఇటూ చూశాడు. నేను తల ఎత్తకుండా కేకు కోస్తున్నాను. చూసి చూసి జేబులో చేయి పెట్టాడు. తాడు బయటికొచ్చింది, ముడి పడింది. నేను గ్లౌజులు తొడుక్కుని వెళ్లి ఆ రంపం అందుకుని, ఆ మేకుకే తగిలించాను. టీ గ్లాసు తెచ్చి కుర్చీ చూపించాను.

"కూర్చోండి అన్నయ్యగారూ."

ఆయన పైకి చూశాడు. "పర్లేదమ్మా, నిలబడే తాగుతాను."

"అదేంటండీ, పెద్దవారు. కూర్చోండి."

"అక్కడొద్దులేమ్మా. ఇంకో కుర్చీ వెయ్యి."

"ఏం, ఈ కుర్చీకేమొచ్చింది? మీరు కట్టిన కట్టేగా! మీరేం తాగి లేరుగా!"

ఒక బోటు ఓనరు మేకు కేసి చూశాడు. గిలకలదిండి మనిషికి వల ముడి ఒకరు చెప్పాలా? "ఏవయ్యా, ఆ రోజూ ఇదే తాడా?" అన్నాడు.

అన్నయ్యగారు నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"ఏంటండీ? వెనకున్నవాళ్లకి వినపడలేదు" అన్నాను.

"చాల్లేవే, ఇక ఆపు" అంది మా ఆడపడుచు. నేను ఆపలేదు, కుర్చీ మీంచి చేయి తియ్యలేదు.

"కట్టింది నేనేనండీ" అన్నాడు చివరికి. "తాగుడు మాటా నేను పుట్టించిందే."

అప్పుడు ఇంట్లోకెళ్లి బీరువా తీసి తీగ, పైపు ముక్కలు తెచ్చాను. గ్లౌజులు ఆయనకిచ్చి, ఆ రంపాన్ని ఆయన చేతనే దింపించి, పళ్లకు పైపు తొడిగించి, మూడు చోట్లా తీగ కట్టించాను. పాస్టరుగారు గొంతు సవరించుకుని, "బ్రదర్, ఈసారి ప్రార్థన మీరు చేయండి" అని మా ఆయన్ని పిలిచారు. మా ఆయన చేతి మీద తువ్వాలు తీసి భుజాన వేసుకుని లేచాడు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. ఆమెన్ అనేదాకా అన్నయ్యగారినే చూస్తూ నిలబడ్డాను.