ఉప్పు లేని కడముద్ద

గురువారం. పొద్దున రాగులు చెరిగి ఎండబోశాను. ఇడ్లీకి పప్పు నానేశాను. బట్టలు ఉతికి ఆరేశాను. మంచం దులిపే పని సగంలో ఆగిపోయింది. అప్పుడే మా అత్తగారి ఊరు తళి నుంచి బావగారు ఫోను చేసి అత్త పోయిందని చెప్పారు. నిద్రలోనే పోయిందట.

"రాత్రి కూడా ఉప్పు లేని సంగటే తినిందమ్మా," అన్నారు.

ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. దినం రోజు ఆమెకు ఆకు వేసి వడ్డించవలసింది నేను. ఉప్పు వేసి వండాలా, వేయకుండానా? ఆమె ఉప్పు ఎందుకు మానేసిందో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. పొరపాటుగా వడ్డిస్తే, ఇన్నేళ్ళు ఆమె నిలబెట్టుకున్న మొక్కు నా చేతిలో చెడుతుంది.

తొంభైలలో అత్త హోసూరులో మా దగ్గరే ఉండేది. ఫ్యాక్టరీ స్నేహితుడెవరో ఇస్తే మా ఆయన పొమేరేనియన్ కుక్కపిల్లను తెచ్చారు. బుజ్జి అని పేరు పెట్టాం. అత్త గొర్రెలు కాసే ఇంట పుట్టిన మనిషి. దాన్ని చూసి, "ఇది కుక్కనా, దూది మూటనా? దొంగొస్తే దీన్ని మనమే దాచిపెట్టల్ల," అంది.

అంటూనే ఆ రాత్రి తన కంచంలోని కడముద్ద దానికి పెట్టింది. మందకు కాపలా ఉండే కుక్కకు చివరి ముద్ద చేత్తో పెట్టిన తర్వాతే చెయ్యి కడుక్కోవడం వాళ్ళ ఇంటి పద్ధతి. బుజ్జి కాచింది మా గుమ్మం ముందరి చెప్పులనే. ఆ ముద్ద మాత్రం రోజూ దానిదే.

వయసు మీదపడ్డాక బుజ్జికి దగ్గు పట్టుకుంది, పొట్ట ఉబ్బింది. పశువుల ఆసుపత్రి డాక్టరు గుండె జబ్బన్నారు. నీరు దిగడానికి మాత్రలిచ్చి, ఉప్పు తగలనివ్వవద్దన్నారు. నేను దానికి వేరే గిన్నెలో అన్నం, బీన్సు, తోలు తీసిన కోడిమాంసం ఉప్పు లేకుండా ఉడికించేదాన్ని. మాత్రను అరటిపండులో దాచేదాన్ని. అది పండు తిని మాత్ర ఉమ్మేసేది. గిన్నె వాసన చూసి, అత్త కంచం పక్కకు పోయి కూర్చునేది.

"అత్తా, ఆ ముద్ద పెట్టొద్దు. దాని ప్రాణానికే ముప్పు."

"పెట్టకుండా చెయ్యెట్ల కడుక్కునేదమ్మా?"

మరునాడు పొద్దున వంటింటి గుమ్మంలో నిలబడి, "ఈ పొద్దు నుంచి నా సంగటిలో, పులుసులో ఉప్పెయ్యొద్దు. మొక్కుకున్నాను," అంది. ఏ దేవుడికి, ఎందుకని అడిగాను. చెబితే ఫలించదంది.

మా ఆయన నవ్వారు. "ఉప్పు మానేస్తే రోషం తగ్గుతుందేమోమ్మా."

"నీకు ఇన్నేండ్లు ఉప్పేసి పెట్టినానే, ఆ రోషం యాడికి పోయిందప్పా?"

ఆ రోజు నుంచి బుజ్జి ఆమె చేతి చప్పిడి ముద్దే తిన్నది. ఒక్క ముద్ద కాదు, ఆమె తనకు సగం ఉంచుకుని సగం పెట్టేది. దాని పొట్ట తగ్గింది. ఇంకా కొంతకాలం మాతో బతికింది. కుక్క కోసమే ఈ మొక్కని నేను అనుకున్నాను.

బుజ్జి పోయిన తర్వాత ఒకరోజు పులుసులో ఉప్పు వేశాను. ఆమె నాలుకకు తగలగానే కంచం పక్కకు జరిపింది.

"అది పోతే మొక్కు పోతుందా?"

అయితే ఆ మొక్కు ఎవరి కోసం? ఆమె మొక్కుకున్న ఏడే మా ఆయన ఉద్యోగం పర్మనెంటయింది. దాని కోసమా? నాకు కాన్పు కష్టమైంది కూడా ఆ రోజుల్లోనే. నా కోసమా? తళికి వెళ్ళిపోయాక కూడా అడిగాను. "నీకు అన్నిటికీ లెక్క కావల్ల. పో, పిల్లోళ్ళకు అన్నం పెట్టుపో," అంది. ఆమె నా మీద కోప్పడిందో, నవ్విందో కూడా అర్థం కాలేదు.

దినం నాడు తళిలో చలిగాలి. సంగటి, పులుసు ఉప్పు లేకుండానే వండాను. ఆకు చివర మాత్రం కాస్త కల్లుప్పు పెట్టాను, కావాలంటే తనే కలుపుకుంటుందని. మిద్దె మీద ఆకు ఉంచి అందరం కిందికి దిగాం.

సాయంత్రం వెళ్ళి చూస్తే సంగటి ముద్ద సగమే ఉంది. మిగతా సగం ఎవరు తిన్నారో తెలియదు. ఉప్పు ఎవరూ తాకలేదు. మంచుకు చెమ్మగిల్లి, ఆకు మీద కరుగుతోంది.

అత్త మొక్కు చెల్లు. ఏ దేవుడికో, ఎవరి కోసమో.