అన్ని గుమ్మాలకూ వేపమండలే

కరోనా రోజుల్లో టీవీలో ఒకాయన, పోయేది ముసలివాళ్లే కదా, దానికోసం అందరి పనులూ ఆపాలా అని అడిగాడు. నేను నొచ్చుకుంటానని నా కోడలు గబుక్కున టీవీ కట్టేసింది. ఎనభై దాటినదాన్ని, నన్ను చూసే అన్నట్టుంది ఆయన. నాకేం కోపం రాలేదు. ఇలాంటి లెక్క నేను చిన్నప్పుడే విన్నాను. అప్పుడు లెక్కలోంచి కొట్టేసింది పిల్లల్ని.

మాది జఫర్‌గఢ్ పక్కన ఒక పల్లె. దొరల మీద ఊళ్లు తిరగబడ్డ సంఘం రోజులు. ఊరి బయట మిలిటరీ క్యాంపు పడింది. అమ్మకు తమ్ముడు, మా మేనమామ, సంఘంలో తిరిగేవాడు. క్యాంపు వాళ్లు వెతుకుతుంటే మా ఇంటి అటుక మీద దాక్కున్నాడు. మా వైపు మశూచి వస్తే అమ్మవారు వచ్చిందని గుమ్మానికి వేపమండలు కట్టేవారు. ఆ ఇంట్లో పరాయివాళ్లు అడుగుపెట్టరు. ఎక్కడినుంచో వచ్చిన సిపాయిలకూ ఆ సంగతి తెలుసు, మండ కనిపిస్తే వాకిట్లోనే ఆగిపోయేవారు. మా బాపు అది గమనించి, జబ్బూ గిబ్బూ ఏమీ లేకపోయినా మా గుమ్మానికి మండలు కట్టేశాడు. అది చూసి పక్కింటి పెద్దవ్వ కట్టింది. ఆమె కొడుకు కూడా వడ్ల గుమ్మిలో దాక్కుని ఉన్నాడు మరి. చూస్తుండగానే సగం ఊరికి వేపమండలే. ఎవరు తలుపు తట్టినా లోపలినుంచి "రావద్దు, తల్లి ఉన్నది" అని కేకేయడం అందరికీ అలవాటైపోయింది. మా పిల్లలకు అదో ఆట. సిపాయిలను ఇంత సులువుగా బోల్తా కొట్టించామని పెద్దవాళ్లూ చాటుగా నవ్వుకునేవారు.

తర్వాత అమ్మవారు నిజంగానే వచ్చింది.

పెద్దవాళ్లలో చాలామందికి అది ఎప్పుడో వచ్చి పోయింది, మొహాల మీద మచ్చలుండేవి. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాదు. అందుకని పసివాళ్ల మీద పడింది. ఏ ఇంట్లో నిజంగా ఉందో, ఏ గుమ్మానికి ఉత్త మండ వేలాడుతోందో తెలియక తల్లులు బెంబేలెత్తిపోయారు. మగవాళ్లు చావడి దగ్గర కూర్చున్నారు. ఉత్త మండలు తీసేస్తే పిల్లలు దక్కుతారు, దాక్కున్నవాళ్లు దొరికిపోతారు. వేరే గుర్తేదైనా పెట్టుకుందామంటే, దాన్ని క్యాంపుకు చేరవేసేవాళ్లు ఊళ్లోనే ఉన్నారు. చాలాసేపు గొణుక్కున్నాక ఒక ముసలాయన తేల్చేశాడు.

"పిల్లలు మల్లా పుడ్తరు. పెరిగిన మొగోడు పోతే ఇల్లే పోతది."

మా బాపు తలూపాడు. అమ్మ గోడ వారన నిలబడి వింటోంది, చంకలో రెండేళ్ల మా తమ్ముడు. ఆ లెక్కలో ఒకవైపు ఆమె తోడబుట్టినవాడు, ఇంకోవైపు ఆమె కన్నవాడు. ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదో నాకిప్పటికీ తెలియదు.

నాట్ల కాలం. అమ్మ రోజూ తమ్ముణ్ణి పెద్దవ్వ దగ్గర దింపి పొలానికి పోయేది. ముందురోజు దాకా ఆ ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. ఆ పొద్దున కూడా తలుపు తట్టగానే పెద్దవ్వ లోపలినుంచి కేకేసింది, రావద్దు బిడ్డా, తల్లి ఉన్నదని. అమ్మ రోజూలాగే నవ్వి, తలుపు తోసుకుని పోయి వాణ్ణి దింపింది. మూలన పెద్దవ్వ మనవడు దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. పెద్దవ్వ లబలబలాడుతూ ఎదురొచ్చేలోపే మా తమ్ముడు తన ఆటతోడు దగ్గరికి పరుగెత్తి ఆ దుప్పట్లో దూరాడు.

తమ్ముడు దక్కలేదు. అమ్మవారు తీసుకుపోయిన బిడ్డకోసం గట్టిగా ఏడిస్తే ఆమెకు కోపం వస్తుందని అమ్మను ఏడవనివ్వలేదు. నాకు ఇప్పటికీ అన్నిటికంటే ఆ నోరు నొక్కడమే ఒళ్లు మండిస్తుంది. మామ అటుక దిగి వాణ్ణి చూడబోతే, ఎవరైనా చూస్తారు, పైకి పొమ్మని అమ్మే కసిరింది.

క్యాంపులో కూడా ఎవరో బుర్ర పెట్టి ఆలోచించినట్టున్నారు. కొన్నాళ్లకు మొహం నిండా మశూచి మచ్చలున్న సిపాయిని పంపారు. ఒకసారి వచ్చి పోయినవాడికి ఇంకేం భయం? మండలు పక్కకు తోసి తిన్నగా లోపలికి వచ్చాడు. ఖాళీ ఉయ్యాల వైపు ఒకసారి చూసి నిచ్చెన ఎక్కాడు. మామ పెనుగులాడలేదు. పొద్దుగూకకముందే కబురొచ్చింది, జఫర్‌గఢ్ దారిలో కాల్చేశారని.

ఆ సాయంత్రం అమ్మ పొయ్యి ముట్టించలేదు. బాపు వచ్చి గడప మీద కూర్చుంటే, అతని వైపు చూడకుండానే అడిగింది.

"ఇద్దర్ల ఒక్కలన్న దక్కుతరనే గద, మీరంత కూసోని లెక్కగట్టింది?"

గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. బాపు లేచి పోయి ఎడ్లకు నీళ్లు పెట్టాడు.