కొండదారిలో వదిలిన రాయి

నా చిన్నప్పుడు పటాన్‌చెరులో మా బాపు లారీ నడిపేవాడు. బొంతపల్లి దగ్గరి మా పొలం ఫ్యాక్టరీ కింద పోయాక నాగలి వదిలి స్టీరింగు పట్టిన మనిషి. నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, హిమాచల్ కొండల్లో కడుతున్న కరెంటు ప్రాజెక్టుకు యంత్రాల సామాను తీసుకెళ్తూ నన్నూ ఎక్కించుకున్నాడు. ఆడపిల్లను లారీలో తిప్పుతాడా అని వాడకట్టంతా బుగ్గలు నొక్కుకుంది. నేనేమో మంచు చూడబోతున్నానని బడిలో చాటింపు వేశాను.

ఆ ట్రిప్పుకు క్లీనర్ జ్వరమొచ్చి రాలేదు. అతను చేసే పని ఒకటి నాకొచ్చింది. నిండు లోడుతో ఎక్కుతూ ఇంజను వేడెక్కితే బండి ఆపుతారు. వెనక్కి జారకుండా చక్రం కింద పెద్ద రాయి పెడతారు. బండి కదిలాక ఆ రాయిని తీసి రోడ్డు అంచుకు నెట్టాలి. బాపు పెట్టేవాడు, నేను తీసేదాన్ని. "రాయి పెట్టుడు అందరికొస్తది బిడ్డా. తీసెటోడే డ్రైవరు. మరిస్తే ఎనకొచ్చెటోని పానం తీసినట్టే" అని దారి పొడుగునా చెప్పాడు.

కొండలెక్కడం మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున ఒక ఎత్తులో ఆగాము. ఎంత బాగుందో చెప్పాలంటే నాకు ఇప్పటికీ కోపమొస్తుంది. కింద లోయలో సన్నగా నది, దాని పక్కన పలక రాళ్లు కప్పిన ఇళ్లు, మెట్లుమెట్లుగా పచ్చని చేలు. పైన దేవదారు చెట్లు, వాటికీ పైన ఎండపడ్డ మంచు. బాపు బండి కదిలించి, మలుపు దాటాక చదునులో నా కోసం ఆగాడు. నేను రాయిని ఒకసారి తోశాను. చల్లగా, మొండిగా ఉంది, కదల్లేదు. చేతులు చంకల్లో పెట్టుకుని కాసేపు లోయను చూశాను. తర్వాత పరుగెత్తి బండెక్కాను. తీసినవా అని అడిగాడు. తీసిన అన్నాను.

కొంచెం పైన చాయ్ హోటల్ దగ్గర గ్లాసు అందిస్తూ నా చేతులు చూశాడు. మట్టి అంటలేదు. "నిజం చెప్పు" అన్నాడు. నేను తల దించుకున్నాను. గ్లాసు అక్కడే పెట్టి, నా రెక్క పట్టుకుని అడ్డదారిన కిందికి పరుగు తీశాడు.

అప్పటికే సైకిలు మీద పాలు తెచ్చే మనిషి ఒకడు ఆ రాయికి తగిలి పడ్డాడు. క్యాన్లు దొర్లి రోడ్డంతా పాలు. అతని కాలు మోకాలి కింద వేరే వైపుకు తిరిగి ఉంది. రోడ్డు పనివాళ్లు నలుగురు చుట్టూ చేరి ఏ లారీవాడు వదిలాడో అని తిడుతున్నారు. మా బాపు వాళ్ల మధ్యకు వెళ్లి, మన పటాన్‌చెరు ఉర్దూలో ఆ లారీవాణ్ని అందరికంటే గట్టిగా తిట్టాడు. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టు. నేను చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆయన చెయ్యి నా భుజం మీద పడి, ఎముక నొప్పి పుట్టేలా నొక్కింది.

కాలికి కర్ర కట్టి, తన భుజం మీది గొంగడి కప్పి, ఆ మనిషిని ఎత్తి ఒక జీపులో పడుకోబెట్టింది మా బాపే. అతను బాపు చేయి పట్టుకుని దేవుడు నీ పిల్లలను చల్లగా చూడాలన్నాడు. తన నొప్పిలో కూడా నా తల నిమిరాడు.

బండెక్కాక చెంప పగులుతుందనుకున్నాను. కొట్టలేదు. "ఎవ్వరికి చెప్పకు బిడ్డా, మీ అమ్మకు గూడ" అన్నాడంతే. ఇంటికొచ్చాక మంచు గురించి, దేవదార్ల గురించి ఊరంతా చెప్పాడు. నన్ను పక్కన నిలబెట్టి, అవునా కాదా బిడ్డా అని అడిగేవాడు. అవునని తలూపేదాన్ని. చనిపోయేదాకా ఆ కాలు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆయన నా తప్పును తన కడుపులో దాచుకున్నాడని చాలా ఏళ్లు అనుకున్నాను. కాదు. మా ఇద్దరి తప్పునూ ఆ పాల మనిషి మీదే వదిలి వచ్చాము, పైగా అతని చేత దీవెన కూడా తీసుకున్నాము. ఎవరైనా నా పిల్లలను చల్లగా ఉండాలని దీవిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బాపు మీద ప్రేమ పోలేదు. ఆయన మాట నమ్మడం మాత్రం ఆ రోజే మానేశాను, నా మాట కూడా.