తాతారావు వేలి మీద రెండు చుక్కలు

2023, చలికాలం మొదలు. పలాసలో ఒక ఆసుపత్రి డయాలసిస్ యూనిట్‌లో నేను స్టాఫ్ నర్సుని. టెక్కలి నుంచి మొదటి బస్సెక్కి వచ్చి, చేతుల చలి వదలకముందే మెషీన్లు ఆన్ చేసి, గొట్టాలు బిగించి, పేషెంట్లు వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి. డయాలసిస్ అంటే అందరికీ పేరు తెలుసు గానీ లోపల ఏం జరుగుతుందో చాలామందికి తెలియదు. ఒంట్లోని రక్తాన్ని ఒక గొట్టంతో బయటికి తీసి, డయలైజర్ అనే జల్లెడలాంటి సిలిండర్‌లోంచి పోనిచ్చి, మురికినీ అదనపు నీటినీ వడగట్టి, ఇంకో గొట్టంతో వెనక్కి పంపిస్తాం. మూత్రపిండాలు మానేసిన పనిని మెషీను చేస్తుందన్నమాట. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, కదలకుండా పడుకోవాలి.

పలాస చుట్టూ ఉన్న ఉద్దానం పల్లెల నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లకి జబ్బు పేరు మేం చెప్పక్కర్లేదు. వాళ్లే చెబుతారు. “కిడ్నీ వచ్చింది” అంటారు, జలుబు చేసింది అన్నంత మామూలుగా. ఇంట్లో ఒకరికో, పక్కింట్లో ఇద్దరికో ఉంటుంది. ఎందుకు వస్తోందో ఇప్పటికీ ఎవరూ గట్టిగా తేల్చలేదు. అందుకని మొహం కాస్త ఉబ్బినా, మూత్రం రంగు మారినా అక్కడ ఎవరూ ఇంకో జబ్బు గురించి ఆలోచించరు.

తాతారావు వచ్చిన రోజు కూడా అంతే జరిగింది. బారువ అవతల ఒక మత్స్యకార పల్లె అతనిది. నలభై దాటని మనిషి, వల లాగి లాగి భుజాలు కట్టెల్లా తయారైనవాడు. ఆటోలోంచి భార్య నీలమ్మ ఒకవైపు, బావమరిది ఒకవైపు పట్టుకుని దింపారు. ఒళ్లంతా నొప్పులు, దవడ పట్టేసి మాట సరిగా రావడం లేదు, మూత్రం చుక్కలు చుక్కలుగా, అదీ నల్లగా. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పులకి సూది వేశాడట. తగ్గకపోతే రక్తపరీక్ష చేయించారు. క్రియాటినిన్ బాగా పెరిగిపోయి ఉంది. మూత్రపిండాలు ఎంతవరకు పని చేస్తున్నాయో చెప్పే పరీక్ష అది. ఆ కాగితం చూడగానే ఇంటిల్లిపాదీ ఏడుపు మొదలుపెట్టారట. తాతారావు వాళ్ల అన్న మా యూనిట్‌లోనే మూడేళ్లు డయాలసిస్ చేయించుకుని పోయాడు. ఆయన నాకు బాగా గుర్తు.

“అన్నకొచ్చిందే తమ్ముడికీ వచ్చినాది సిస్టరమ్మా,” అంది నీలమ్మ. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగే మనిషి, కన్ను చెమ్మగిల్లనివ్వలేదు.

మాకు కూర్చుని ఓదార్చే తీరిక లేదు. పొటాషియం ప్రమాదం దాటి ఉంది. ఈసీజీలో గీతలు కొనదేలి నిలబడ్డాయి. రక్తంలో పొటాషియం అంత పెరిగితే గుండె ఏ క్షణంలోనైనా ఆగిపోవచ్చు. మా డాక్టరు గారు కృష్ణా జిల్లా మనిషి, వయసులో చిన్నవాడు, నిదానస్తుడు. ఆ రోజు ఆయన కూడా పరుగెత్తారు. గుండెకి రక్షణగా కాల్షియం ఇంజక్షన్ చేస్తూనే మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి క్యాథెటర్ వేశారు. అంటే మెషీనుకి రక్తం అందించే తాత్కాలిక గొట్టం. నేను పంపు తిప్పాను. గంట గడిచేసరికి ఈసీజీలో గీతలు తగ్గి మామూలు ఆకారానికి వస్తుంటే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఇన్నేళ్లు చేసినా ఆ దృశ్యం నాకు పాతబడదు.

అప్పుడే నాకు అనుమానం మొదలైంది. బీపీ చూద్దామని చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టగానే తాతారావు కెవ్వుమన్నాడు. కాలు పట్టుకుంటే అరుపు, భుజం పట్టుకుంటే అరుపు. మా ఉద్దానం పేషెంట్లు ఇలా ఉండరు. వాళ్లు నెలల తరబడి నీరసపడి, రక్తం తగ్గి, పాలిపోయి వస్తారు. నొప్పి అనరు, అన్నం సయించడం లేదంటారు. ఇతని రక్తం నిండుగా ఉంది. స్కానింగ్‌లో మూత్రపిండాలు కుంచించుకుపోకుండా మామూలు సైజులోనే ఉన్నాయి. సీసాలో పట్టిన కాస్త మూత్రం పాలు పోయని డికాక్షన్ రంగులో ఉంది. ఇది మన జబ్బులా లేదు సార్ అన్నాను. ఆయన సీసా వెలుతురులోకి ఎత్తి చూసి, తనకీ అదే అనిపిస్తోందన్నారు.

ల్యాబు నుంచి వచ్చిన జవాబు ఇంకా చిత్రంగా ఉంది. మూత్రంలో ముంచిన స్ట్రిప్ రక్తం ఉందంటోంది. మైక్రోస్కోపు కింద చూస్తే ఎర్రకణాలే లేవు. డాక్టరు గారి మొహం వెలిగిపోయింది. రక్తం కాకుండా స్ట్రిప్‌ని అలా మోసం చేసేది మయోగ్లోబిన్. కండల్లో ఉండే ఎర్రటి పదార్థం. కండ చితికితే అది రక్తంలోకి, అక్కణ్నుంచి మూత్రంలోకి దిగుతుంది. సీపీకే అని కండ దెబ్బతిన్నట్టు చెప్పే పరీక్ష ఒకటి ఉంది. అది చేయిస్తే వచ్చిన పెద్ద అంకె నమ్మలేక ల్యాబులో రెండోసారి చేసి పంపించారు. తాతారావు ఒంట్లో కండలు కరిగిపోతున్నాయి. దాన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. ఆ కరిగినదంతా పోయి మూత్రపిండాల సన్నటి గొట్టాల్లో అడ్డుపడింది.

మరి కండలు ఎందుకు కరిగాయి? డాక్టరు గారు వరసగా అడిగారు. దెబ్బలు తగిలాయా, ఫిట్స్ వచ్చాయా, సారా తాగావా, ఏవైనా మాత్రలు మింగావా, పాము కరిచిందా? అన్నిటికీ తాతారావు తల అడ్డంగా ఊపాడు. ఆయన తెలుగు ఇతనికి సగం, ఇతని తెలుగు ఆయనకి సగం అర్థమవుతున్నట్టుంది. నేను స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాను. ఒంట్లో బాగోలేకపోవడానికి ముందు రోజు నువ్వు లేచిన దగ్గర్నుంచి ఏం చేశావో అంతా చెప్పమన్నాను. పళ్లు తోముకున్నది కూడా వదలొద్దన్నాను.

పాపం, నిజంగానే పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. చీకటితో పడవ తోశారు. వల వేశారు. లాగారు. వలలో చేపలు వచ్చాయి, నాచు వచ్చింది, కడ్డీల్లా రెండు పాములు వచ్చాయి. తీసి నీళ్లలో పడేశారు. ఈ చివరి మాట అతను నాచు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు. సముద్రపు పాములు వలలో రావడం వాళ్లకి రోజూ ఉండే తంతు. వాటిని గంగమ్మ తల్లి సొత్తంటారు, చంపరు, తోక పట్టుకుని విసిరేస్తారు. వాటి గురించి ఇంటికొచ్చి మాట్లాడరు కూడా.

నేను స్టూలు ఇంకాస్త దగ్గరికి జరిపాను. అవేమైనా చేశాయా అని అడిగాను.

“అవేటి సేత్తాయి? వేలికి జెల్లముల్లు గుచ్చుకున్నాది, అంతే.”

గోడకి ఆనుకుని నిలబడ్డ నీలమ్మ అప్పుడు గబుక్కున ముందుకొచ్చింది. జెల్లచేప ముల్లు గుచ్చుకుంటే తేలు కుట్టినట్టు మంట పుడుతుంది. చేపలమ్మేవాళ్లకి అది చెప్పనక్కర్లేదు.

“జెల్ల గుచ్చితే నువ్వూరుకుంటావేటి? పల్లంతా ఏకం సేత్తావు. అయినా ఆ రోజు వల్లో జెల్లలేవీ? ఏరింది నాను కాదేటి?”

తాతారావు ఆలోచనలో పడ్డాడు. నొప్పి పుట్టిందా అని అడిగితే లేదన్నాడు, చీమ కుట్టినంత కూడా లేదన్నాడు. డాక్టరు గారు ఫోను లైటు వేసి కుడిచేతి చూపుడువేలు తిప్పి తిప్పి చూశారు. వల తాళ్లకి కాయలు కాసిన ఆ వేలి పక్కన, సూదితో గుచ్చినట్టు రెండు చుక్కలు. పక్కపక్కనే. నేనూ డాక్టరు గారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ క్షణంలో నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మనిషి అంత ప్రమాదంలో ఉంటే గంతేమిటి అంటారేమో. కారణం ఉంది.

సముద్రపు పాము కాటు చాలాసార్లు నొప్పి తెలియనివ్వదు. కొన్ని గంటలకి ఒళ్లు నొప్పులు, దవడ బిగుసుకోవడం, నల్లటి మూత్రం. దాని విషం కండల్ని కొడుతుంది. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు ఇంజక్షన్ నేల మీది పాములకే, దీనికి పనికిరాదు. అయితే ఊపిరి ఆగకుండా, గుండె ఆగకుండా కాపాడుకుంటే, ఈ మూత్రపిండాలు మళ్లీ లేచే అవకాశం ఎక్కువ. అవి ఎండిపోయినవి కావు, పూడుకుపోయినవి. అంతవరకు మెషీను వాటి బదులు పని చేస్తే చాలు. ఇక్కడికి వచ్చిన ఉద్దానం పేషెంటుకి ఈ మాట చెప్పే అదృష్టం నాకు అంతకుముందెప్పుడూ కలగలేదు.

చెప్పాను. తాతారావు నమ్మలేదు.

“పాము కరిత్తే కిడ్నీ పోద్దేటి? ఊరుకో సిస్టరమ్మా, నన్ను మభ్యపెడతన్నావు,” అన్నాడు.

నొప్పులు తగ్గాయి, దవడ వదిలింది. మూత్రం మాత్రం రావడం లేదు. రోజులు గడుస్తున్న కొద్దీ అతని నమ్మకం ఇంకా సన్నబడింది. పై అంతస్తులో వార్డు, కింద మా గది, మధ్యలో చక్రాల కుర్చీ. ఒకరోజు కుర్చీ ఖాళీగా వచ్చింది. వెంట నీలమ్మ వచ్చి, తాతారావు ఇక మెషీను ఎక్కనంటున్నాడని చెప్పింది. మెడలో గొట్టం తీసేస్తే ఇంటికి పోతానంటున్నాడట. పడవ ఎవరికైనా ఇచ్చెయ్యమని బావమరిదికి చెప్పేశాడట. నాకు ఒళ్లు మండిపోయింది. కుర్చీని మళ్లీ లిఫ్టులో పైకి పంపమని, రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పోయి, బతిమాలడానికి బదులు కేకలేసి, మంచం మీంచి లేపి, కుర్చీలో కూర్చోబెట్టి కిందికి తెచ్చాను. అతను మెషీను పక్కన కూర్చుని మెడ గట్టిగా పట్టుకున్నాడు.

“మా అన్న మూడేళ్లు ఎక్కేడు, దిగేడు. సివరికేటైనాది? నానెక్కను.”

ఆ రోజు ఎక్కకపోతే పొటాషియం మళ్లీ పెరుగుతుంది. ఆ సంగతి చెప్పినా వినలేదు. అప్పుడు పక్క మంచం మీంచి సావిత్రమ్మ మాట్లాడింది. కాశీబుగ్గలో జీడిపప్పు ఏరే పని చేసేది ఆవిడ. మా దగ్గరికి ఏళ్ల తరబడి వస్తోంది. చేతిలో రెండు సూదులున్నాయి కాబట్టి చెయ్యి కదపకుండా తల మాత్రం ఇటు తిప్పింది.

“ఇనుకో తమ్ముడూ. ఈ గదిలో ఇంతమందిమి ఉన్నాం. దిగిపోతావని డాక్టరు సెప్పింది నీ ఒక్కడికే. నాకా మాట సెప్తే ముడ్డికింద మేకులున్నా తొంగుందును. ఎక్కు.”

తాతారావు ఆవిడ చేతివైపు చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత మెడ మీంచి చెయ్యి తీసేశాడు.

ఆ ఆదివారం మా టెక్కలి చర్చిలో, ఒక మనిషికి మూత్రం రావాలని ప్రార్థన చెయ్యండి అని అడిగాను. పాస్టరు గారి మొహం మీరు చూడాల్సింది. అయినా చేశారు. అటు నీలమ్మ గంగమ్మకి మొక్కుకుంది. ఎవరి ఖాతాలో వేస్తారో మీ ఇష్టం.

ఆ వారంలోనే ఒక ఉదయం నేను మెషీను గొట్టాలు కడుగుతున్నాను. వరండాలో ఎవరో పరుగెడుతున్న చప్పుడు. నీలమ్మ. వార్డులో మూత్రం కొలిచే ప్లాస్టిక్ జగ్గు రెండు చేతులతో పట్టుకుని, పైన చీర చెంగు కప్పి, తొణకకుండా పరుగెత్తుకొస్తోంది. చెంగు తీసి చూపించింది. సగం పైగా ఉంది. లేత పసుపు రంగు. నేను ఆ జగ్గు అందుకుని, సిగ్గు విడిచి చెబుతున్నాను, గది మధ్యలో నిలబడి అందరికీ చూపించాను. మంచాల మీద వాళ్లంతా తలలెత్తారు. సావిత్రమ్మ దగ్గరికి తెమ్మంది. తెస్తే, పెళ్లిపందిట్లో నగ చూసినట్టు అటూ ఇటూ తల వంచి చూసి నవ్వింది. నీలమ్మ అప్పుడు ఏడ్చింది, వచ్చినప్పట్నుంచి దాచుకున్నదంతా.

ఆ రోజు డాక్టరు గారు డయాలసిస్ ఆపి చూద్దామన్నారు. మర్నాడు క్రియాటినిన్ పెరగలేదు. ఆ తర్వాత దానంతటదే తగ్గడం మొదలైంది. మూత్రం ధారగా వస్తుంటే నీళ్లు పట్టించలేక నీలమ్మకి చేతులు పడిపోయాయి. చివరికి మెడలో గొట్టం తీసే రోజు వచ్చింది. తీసి, దూది గట్టిగా అదిమిపెట్టి కూర్చున్నాను. తాతారావు కళ్లు మూసుకుని ఉన్నాడు. పడవ ఇంకా ఎవరికీ ఇవ్వలేదు కదా అని భార్యని అడిగాడు.

వెళ్లేటప్పుడు నీలమ్మ గుమ్మం దగ్గర ఆగి, మళ్లీ ఎప్పుడు రావాలి అని అడిగింది. నా నోటికి అలవాటైన జవాబు ఉంది, వారం పేరు చెప్పడం. చెప్పబోయి ఆగిపోయాను. రక్తపరీక్షకి ఓపీలో డాక్టరు గారి దగ్గరికి రండి, ఈ గదికి మాత్రం రావద్దు అన్నాను. ఆ మాట ఉద్దానం వాళ్లకి చెప్పడం నా ఉద్యోగంలో అదే మొదలు.

ఊరంతా ఒక జబ్బు పరుచుకుని ఉన్నచోట మిగతా జబ్బులు దాని చాటున దాక్కుంటాయని ఆ కేసుతో నేర్చుకున్నాను. కొత్తగా ఎవరొచ్చినా ఇప్పుడు స్టూలు లాక్కుని కూర్చుంటాను, ముందు రోజు ఏం చేశావో మొత్తం చెప్పమంటాను. వాళ్లలో దాదాపు అందరిదీ ఆ పాత జబ్బే అవుతుంది. అయినా అడగడం మానను. మానినా సావిత్రమ్మ ఊరుకోదు. కొత్త మనిషి గదిలోకి రాగానే పక్క మంచం మీంచి తల తిప్పి, నాకంటే ముందు తనే అడిగేస్తోంది: “ముందురోజు ఏటి సేసేవు బావూ? ఏదీ ఒగ్గీకుండా సెప్పు.”