నేను చదవకుండా దాటేసిన పేజీ

మేమంతా బాబాయ్ అని పిలిచే మా కంపెనీ బస్సు డ్రైవరు పోయాడని మంగళవారం ఉదయం పెందుర్తి స్టాపులోనే తెలిసింది. కొత్త డ్రైవరు చెప్పాడు. ఎక్కిన వాళ్ళం ఎక్కినట్టే నిలబడిపోయాం. బాబాయ్‌కి నేనొక అబద్ధం చెప్పాను. రేపు ఒప్పుకుందాం, ఎల్లుండి ఒప్పుకుందాం అనుకుంటూనే రోజులు గడిపేశాను.

అచ్యుతాపురం దాకా గంట పైనే ప్రయాణం. బాబాయ్ బస్సులో పాటలుండవు. ఇంజను పక్క సీటులో కూర్చున్నవాళ్ళు నవల చదవాలి, బస్సంతా వినాలి. అదీ ఆయన పద్ధతి. "నా కళ్ళు రోడ్డు మీదుండాల గదా, నువ్వు సదువమ్మా. గట్టిగా సదువు, ఎనకాలోల్లకి ఇనపడాల" అనేవాడు. మధ్యలో ఎవరి ఫోనైనా మోగిందా, అద్దంలోంచి ఒక్క చూపు చూసేవాడు.

అలా ఒక నవల రెండు నెలలు సాగింది. ఇష్టపడి పెళ్ళి చేసుకుందని కూతుర్ని వదిలేసుకున్న తండ్రి కథ. ఒకటే పుస్తకం కదా, విడ్డూరం చూడండి! అది విని ప్యాకింగ్‌లో చేసే అక్క ధైర్యం చేసి వేరు కాపురం పెట్టింది. అదే విని క్వాలిటీలో చేసే అన్న ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముడికి ఫోను చేశాడు.

బాబాయ్‌కీ ఒక కూతురుంది. ప్రేమ పెళ్ళి చేసుకుని పద్మనాభంలో ఉంటోందని, ఈయన ఆ గడప తొక్కలేదని అందరికీ తెలుసు. నవల చివరి భాగం నా వంతుకే రావాలా! ముందురోజు ఇంట్లో చదివి చూశాను. తండ్రి కూతురి దగ్గరకు బయలుదేరతాడు గానీ, దారిలోనే చనిపోతాడు. ఈ మాట ఆయన పక్కన కూర్చుని ఎలా చదవను? ఆ పేజీ దాటేశాను. తండ్రి చేరాడని, కూతురు తలుపు తీసిందని నోటికొచ్చింది కల్పించి చదివేశాను. బాబాయ్ గేరు మార్చి, "బాగుంది తల్లీ" అన్నాడు. ఆ ఆదివారమే కూతురింటికి వెళ్ళాడు. నా అబద్ధమే పంపిందని కాస్త గర్వం, ఆయన్ని మోసం చేశానని బెంగ.

పదో రోజున వెళ్ళి ఆ కూతురి పక్కన కూర్చున్నాను. ఆగలేక అంతా చెప్పేశాను.

"ఆ పేజీయా అక్కా? నాన్న ఆ పుస్తకం ముందే సదివీసినాడు. తండ్రి సచ్చిపోయే కాడ తట్టుకోనేక బస్సులోకి తెచ్చినాడంట. నువ్వు దాటీసినావని సెప్పి నవ్వేవోడు" అంది.

"మరి ఆ ఆదివారం వచ్చింది?" అని అడిగాను.

"ఆ ఆదివారం మా గుమ్మం కాడ నిలబడిపోనాడక్కా. లోపలికి రా నాన్నా అంటే కదల్డు. తలుపు పట్టుకుని, 'బతికుండగానే వచ్చీసినానమ్మా' అన్నాడు."