మిషన్ నా వేలు గుర్తుపట్టలేదు

పొద్దున మల్కాపురం రేషన్ డిపో లైన్లో నా ముందు ఒక బీహారీ ఆవిడ ఉంది. వాళ్లాయన ఇక్కడ వెల్డింగ్ పని చేస్తాడు. ఆవిడ కార్డు చూసి నా వెనకాలాయన అరిచాడు: "ఏ ఊరోల్లు ఈల్లు? మన బియ్యం ఈల్లకేటి?"

భయమేసి నేను నోరెత్తలేదు.

"ఏ రాష్ట్రం కార్డుకైనా ఇక్కడ ఇవ్వాలి బావా, గవర్నమెంటు రూలు," అన్నాడు డీలర్. ఆవిడ వేలు పెట్టింది, మిషన్ తీసుకుంది.

తర్వాత నా వంతు. షెడ్డులో రొయ్యలు ఒలిచి ఒలిచి నా వేలిముద్రలు అరిగిపోయాయి. మూడుసార్లు పెట్టినా తీసుకోలేదు. నూనె తగిలితే ముద్ర పడుతుందని వేలు తలకి రాసుకుందామంటే ఇవాళే తలంటుకున్నాను, చుక్క నూనె లేదు. వెనకాలాయన ఈసారి నన్నడిగాడు: "ఈ కార్డు నీదేనా? ఏ ఊరమ్మా నీది?"

పుట్టి పెరిగిన వీధిలో నన్నే ఊరడిగాడు. లైన్లో ఒక్కరూ మాట్లాడలేదు.

బియ్యం సంచి కింద పెట్టి ఆ బీహారీ ఆవిడే వెనక్కొచ్చింది. నా బొటనవేలు పట్టుకుని నూనె రాసిన తన జుట్టుకి రుద్దింది. ఈసారి మిషన్ తీసుకుంది.

సాయంత్రమైనా అదే తలుచుకుంటున్నాను. నన్నడిగినప్పుడు ఊరుకున్న లైన్ మీద కోపం తెచ్చుకుందామంటే, ఆవిడనడిగినప్పుడు ఊరుకున్నది నేనే. మీరైతే నోరెత్తేవారా? నిజం చెప్పండి.