పెరగాల్సిన పగడం

నాకు కుజదోషమట. ముప్పై నాలుగేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. కొడవలూరు సంబంధం కూడా తప్పిపోయాక, దోషం పోవడానికి నేను పెట్టుకున్న ఉంగరంలో పగడం మరీ చిన్నదని జ్యోతిష్కుడు తేల్చేశాడు.

అప్పుడు నేను నెల్లూరు దగ్గర సముద్రం ఒడ్డున తాపీ పని చేస్తున్నాను. పగడపు జీవులు అతుక్కుని పెరగడానికి సిమెంటు దిమ్మెలు పోసి సముద్రం అడుగుకు దించేవాళ్లం. సిమెంటు కలిపేటప్పుడు ఉంగరం తీసి పక్కన పెట్టేవాణ్ణి. ఒకరోజు అది మాయమైంది.

కొన్ని నెలల తర్వాత, నీళ్లలో తీసిన వీడియో చూస్తూ సైంటిస్టు మేడం కుర్చీలోంచి లేచిపోయారు.

"ఎర్ర పగడం! ఈ తీరంలోనా!"

అందరూ చప్పట్లు కొట్టారు. బొమ్మ పెద్దది చేస్తే, పగడం చుట్టూ బంగారు అంచు కనిపించింది.

"అది నా ఉంగరం, మేడం" అన్నాను, తల దించుకుని.

ఇంటికెళ్లి అమ్మను నిలదీశాను. నాకు అన్నం తెచ్చిన రోజు పచ్చి సిమెంటులో తనే గుచ్చిందట.

"దిమ్మెల మీద పగడాలు పెరుగుతాయని నువ్వే గదా అబ్బయా చెప్పినావు?"

ఈ సంగతి విన్నవాళ్లంతా పడీ పడీ నవ్వుతారు. అమ్మ మాత్రం నవ్వదు. వీడియో తీసిన ప్రతిసారీ ఆశగా అడుగుతుంది.

"మనది ఏమాత్రం లావైంది అబ్బయా?"